నాలుగు జీబీ లాప్‌టాప్‌లో మెయిల్: థండర్‌బర్డ్, క్లాజ్ మెయిల్ చాన్నాళ్లు వాడాక

సెలెరాన్ ఎన్4020 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ (చవక లాప్‌టాప్‌లలో ఉండే నెమ్మది స్టోరేజ్), 11.6 అంగుళాల తెర. ఇలాంటి లాప్‌టాప్ మీద మెయిల్ సాఫ్ట్‌వేర్ నడుస్తుందా అని అడిగితే, హాయిగా నడుస్తుందనే చెప్తాను. కాకపోతే ఇన్‌స్టాల్ చేసి దాని మానాన దాన్ని వదిలేస్తే మాత్రం నడవదు. ప్రోగ్రాం బరువు కొంతే, మనం దాని నెత్తికెత్తే పాత మెయిళ్ల బరువే ఎక్కువ.

నా పని చెన్నైలో సౌకార్‌పేట, కొత్వాల్ చావడి వైపు తెలుగువాళ్ల హోల్‌సేల్ షాపులకు లెక్కలు రాయడం. నెలనెలా జీఎస్టీ రిటర్నులు ఫైల్ చేసేవాళ్లకు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, పన్ను లెక్క తేల్చి కట్టే 3బీ గడువు 20. ఆ తేదీలు దగ్గరపడేసరికి బిల్లులన్నీ ఒక్కసారి వచ్చి పడతాయి. సగం పీడీఎఫ్‌లు, సగం షాపు కుర్రాళ్లు ఫోన్లో తీసిన ఫొటోలు. సబ్జెక్ట్ లైన్ రాసే అలవాటు ఒక్కడికీ లేదు. పైగా ఫొటో మెయిల్లోకి ఎక్కగానే లావెక్కుతుంది. అటాచ్‌మెంట్లను బేస్64 అనే ఉత్త అక్షరాల రూపంలోకి మార్చి పంపుతారు కాబట్టి 4 ఎంబీ ఫొటో దాదాపు అయిదున్నర ఎంబీ అవుతుంది. గోడౌన్లలో సిగ్నల్ సరిగా అందదు, అందుకని కావలసిన మెయిల్ మిషన్‌లోనే ఉండాలి.

బ్రౌజర్లో చూసుకోవచ్చు కదా అంటారు. చూశాను. జీమెయిల్ ఒక ట్యాబ్, జీఎస్టీ పోర్టల్ ఒకటి, బ్యాంకు ఒకటి, పక్కన లిబ్రెఆఫీస్‌లో షీటు. ఇవి చాలు, ర్యామ్ నిండిపోయి స్వాప్, అంటే ర్యామ్‌లో పట్టనిదాన్ని స్టోరేజ్‌లోకి తోయడం, మొదలవుతుంది. ఈఎంఎంసీ మీద స్వాప్ అంటే ఒక సెల్‌లో అంకె కొట్టి అది తెర మీద కనబడేదాకా ఆగడమే. జీమెయిల్‌కి తేలికపాటి బేసిక్ హెచ్‌టీఎంఎల్ వ్యూ ఉండేది, 2024లో దాన్నీ తీసేశారు. విండోస్‌తో వచ్చే చిన్న మెయిల్ యాప్ కూడా 2024 డిసెంబర్ 31తో ఆగిపోయింది. దాని స్థానంలో వచ్చిన కొత్త అవుట్‌లుక్ లోపల వెబ్ పేజీయే, అంటే మళ్లీ మొదటికొచ్చాం. ర్యామ్ పెంచుదామని ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కి తీసుకెళ్తే, అక్కడి రిపేరు కుర్రాడు వెనక మూత తీసి, "స్లాట్ లేదన్నా, బోర్డుకే సోల్డర్ చేసేశారు" అని మూత మళ్లీ బిగించి ఇచ్చేశాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

దాంతో విండోస్ బదులు లినక్స్ మింట్‌లో తేలికపాటి రకం, ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకున్నాను. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం అందులోనే వస్తుంది. మొదటిసారి తెరిచి అకౌంట్ ఇవ్వగానే అది ఇన్నేళ్ల మెయిళ్లన్నీ దింపుకోవడం మొదలుపెడుతుంది, దింపినవాటికి వెతుకులాట కోసం ఇండెక్స్ కూడా కట్టుకుంటూ పోతుంది. ఆ పూట లాప్‌టాప్‌ని ఇంకే పనికీ ముట్టుకోలేం. చాలామంది ఇక్కడే 'స్లో' అనేసి తీసేస్తారు. ఆ తొందర వద్దు. అకౌంట్ సెట్టింగ్స్‌లో సింక్రొనైజేషన్ అండ్ స్టోరేజ్ దగ్గరకెళ్లి ఇటీవలి 30 రోజుల మెయిళ్లు మాత్రమే దింపమనండి. అంతకు ముందువి పేర్ల వరకు కనిపిస్తాయి, నొక్కితే అప్పుడు సర్వర్ నుంచి వస్తాయి. తర్వాత జనరల్ సెట్టింగ్స్‌లో గ్లోబల్ సెర్చ్ ఇండెక్సర్ టిక్ తీసేయండి. అది లేకపోయినా కంట్రోల్, షిఫ్ట్, కె నొక్కితే వచ్చే క్విక్ ఫిల్టర్ పనిచేస్తూనే ఉంటుంది. నాకు రోజువారీ పనికి అది సరిపోతోంది.

జీమెయిల్ వాడేవాళ్లకి ఇంకొకటుంది, దీన్ని మాత్రం అస్సలు వదలకండి. జీమెయిల్లో ఒకే మెయిల్ ఇన్‌బాక్స్‌లోనూ, ఆల్ మెయిల్లోనూ కనిపిస్తుంది. థండర్‌బర్డ్ దృష్టిలో అవి రెండు వేర్వేరు ఫోల్డర్లు, కాబట్టి రెండుసార్లు దింపుకునే అవకాశం ఉంది. జీమెయిల్ వెబ్ సెట్టింగ్స్‌లో లేబుల్స్ కింద ఆల్ మెయిల్‌కి ఎదురుగా 'షో ఇన్ ఐమ్యాప్' టిక్ తీసేస్తే ఆ రెట్టింపు తప్పుతుంది.

1366×768 తెర మీద ఎత్తే కరువు. 2023లో వచ్చిన 115 వెర్షన్ నుంచి ఉన్న కార్డుల వ్యూ చూడ్డానికి బావుంటుంది గానీ, ఒక్కో మెయిల్ ఆక్రమించే స్థలం ఎక్కువ. నేను టేబుల్ వ్యూ పెట్టుకుని, డెన్సిటీ కాంపాక్ట్ చేసుకున్నాను. ఎఫ్8 నొక్కితే కింది చదివే భాగం పోయి లిస్టు నిండుగా వస్తుంది. అయితే నా దగ్గరున్న తెలుగు ఫాంట్‌కి కాంపాక్ట్ వరసలో కింది ఒత్తులు కాస్త తెగుతాయి. 'లక్ష్మి' చదవచ్చు, 'రాష్ట్ర' అయితే ఊహించుకోవాలి. ఫాంట్ సైజు ఒక మెట్టు తగ్గించి సర్దుకున్నాను.

మెయిళ్లు డిస్కులో దాచుకునే సంగతి వేరు. థండర్‌బర్డ్ మామూలుగా ఒక్కో ఫోల్డర్‌లోని మెయిళ్లన్నీ ఎంబాక్స్ అనే ఒకే పెద్ద ఫైల్లో రాసుకుంటూ పోతుంది. డిలీట్ కొడితే లిస్టులోంచి పోతుంది గానీ ఫైల్లో అలాగే ఉంటుంది. ఆ ఫైల్‌ని కుదించే కాంపాక్ట్ ఆదేశం (పైన చెప్పిన డెన్సిటీ కాదు) ఇచ్చినప్పుడు, ఉంచాల్సినవన్నీ కొత్త ఫైల్లోకి రాసి పాతదాన్ని తీసేస్తుంది. అంటే 3 జీబీ ఫోల్డర్ ఉంటే ఆ కాసేపు దాదాపు ఇంకో 3 జీబీ ఖాళీ కావాలి. 64 జీబీలో అంత ఖాళీ ఎప్పుడూ ఉంటుందనుకోకండి.

పాత బిల్లులన్నీ క్లాజ్ మెయిల్ అనే ఇంకో ప్రోగ్రాంలోకి మార్చింది అందుకే. సిల్ఫీడ్ అనే పాత ప్రోగ్రాం నుంచి పుట్టింది ఇది, చూడ్డానికి ఇప్పటికీ ఆ కాలంలోనే ఉంటుంది. కానీ ఐకాన్ నొక్కీ నొక్కకముందే తెరుచుకుంటుంది. ఇది వాడే ఎంహెచ్ పద్ధతిలో ఒక్కో మెయిల్ ఒక్కో ఫైల్. ఒకటి తీసేస్తే ఆ ఒక్క ఫైలే పోతుంది, మిగతావాటి జోలికి వెళ్లదు. షాపుకో ఫోల్డర్, దానికింద ఏడాదికో ఫోల్డర్. 3బీ అయిపోయాక ఆ నెల బిల్లుల మెయిళ్లన్నీ సర్వర్ నుంచి వీటిల్లోకి కాపీ చేసేస్తాను. మొన్నొక శెట్టిగారు ఫోన్ చేసి, "బాబూ, పోయినేడు గుంటూరు మిరపకాయల పార్టీ క్రెడిట్ నోటు పంపించినాడు గదా, ఉండాదా నీకాడ?" అన్నారు. ఫోన్ చెవిన ఉండగానే పార్టీ పేరు కొట్టి తేదీ చదివి చెప్పాను. నెట్ లేదప్పుడు.

క్లాజ్‌తో ఇబ్బందులు లేవని కాదు. ఇందులో హెచ్‌టీఎంఎల్ మెయిల్ రాయలేం, ఉత్త అక్షరాలే. ఆడిటర్‌కి పట్టిక వేసి పంపాలంటే థండర్‌బర్డ్‌కే రావాలి. బ్యాంకుల నుంచి వచ్చే రంగుల మెయిళ్లు చూడాలంటే విడిగా ప్లగిన్ వేసుకోవాలి. జీమెయిల్‌తో ఓఆత్ (పాస్‌వర్డ్ ప్రోగ్రాంకి ఇవ్వకుండా గూగుల్ పేజీలోనే అనుమతిచ్చే పద్ధతి) కలపాలంటే మనమే గూగుల్ దగ్గర క్లయింట్ ఐడీ తీసుకోవాలి. అంత ఓపిక నాకు లేదు. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ ఇచ్చేశాను, పని జరిగిపోతోంది.

టెర్మినల్లో, అంటే ఆదేశాలు టైపు చేసే ఉత్త అక్షరాల కిటికీలో, నడిచే మట్ అనే మెయిల్ ప్రోగ్రాంని కూడా కొన్నాళ్లు చూశాను. దానంత తేలికైనది లేదు. కానీ నా టెర్మినల్లో తెలుగు ఒత్తులు విడిపోయి ఎక్కడో పడేవి, వాక్యం మీద కర్సర్ ఒకచోట ఉంటే అక్షరం ఇంకోచోట చెరిగేది. తెలుగులో ఉత్తరాలొచ్చే వాళ్లకి అది కుదరదు.

ఎంహెచ్‌తో బ్యాకప్ దగ్గర ఒక తలనొప్పి ఉంది. వేలకొద్దీ చిన్న ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా లాగితే తెల్లారిపోతుంది. ఏడాది ఫోల్డర్‌ని ముందు ఒక టార్ ఫైల్‌గా, అంటే అన్నీ కలిపిన ఒకే మూటగా, చేసి, ఆ ఒక్కటి కాపీ చేస్తే నిమిషాల్లో అయిపోతుంది.