ఆన్‌లైన్ జీవావరణ కోర్సు: వాన లెక్క ఉంది, వేసవి లెక్క లేదు

జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం బోధించే నేను, ఏ జీవి ఎక్కడ బతకగలదో శీతోష్ణస్థితి ఎలా నిర్ణయిస్తుందన్న పాఠాన్ని మరింత స్పష్టంగా చెప్పాలన్న ఉద్దేశంతో, జీవావరణ శాస్త్రానికి పరిచయంగా రూపొందించిన ఎనిమిది వారాల ఆన్‌లైన్ కోర్సును ఈ వేసవి సెలవుల్లో పూర్తి చేశాను. కట్టిన రుసుము వృథా కాలేదు. అయితే తెలుగు ప్రాంతాల నుంచి చేరేవారు ఒక లోటును ముందే తెలుసుకోవాలి.

రెండో వారం పాఠం నాకు అన్నిటికంటే నచ్చింది. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి అక్కడే వాన కురిపించి, తేమ కోల్పోయి, ఇంచుమించు 30 డిగ్రీల అక్షాంశాల వద్ద కిందికి దిగుతుందని, సహారా వంటి ఎడారులకు అదే ముఖ్య కారణమని గ్లోబు తిప్పుతూ వివరించారు. 1802లో జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త హంబోల్ట్ ఈక్వడార్‌లోని చింబొరాజో పర్వతం ఎక్కుతూ, ఎత్తు పెరిగేకొద్దీ మొక్కలు మారిపోవడాన్ని గమనించిన వృత్తాంతంతో మొదలుపెట్టి, ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుందన్న సూత్రానికి చేర్చారు. (విశాఖ తీరంలో పండని కాఫీ సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులో ఎందుకు పండుతుందో ఈ ఒక్క అంకెతో చాలావరకు చెప్పవచ్చు.)

లోటు నాలుగో వారంలో ఉంది. సగటు ఉష్ణోగ్రత, వార్షిక వర్షపాతం ఆధారంగా అడవులను, గడ్డిభూములను, ఎడారులను అమర్చిన జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ విట్టకర్ పటాన్ని చూపి, అక్కడితో ముగించారు. ఆ పటం తప్పు కాదు గాని, వాన ఏయే నెలల్లో కురుస్తుందో అందులో కనిపించదు. ఏడాదికి లండన్‌లో సుమారు 600, హైదరాబాదులో సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వేడిలో తేడా ఎలాగూ ఉంది. దానికి తోడు లండన్ వాన పన్నెండు నెలలకూ పరచుకుంటే, మన వానలో అధికభాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యే కురిసిపోతుంది. నల్లమలలో టేకు ఆకులు రాల్చి ఎండలను దాటుకోవడానికి కారణం ఈ పొడి నెలలే. దశాబ్దాలపాటు కనిపించక, 1986లో కడప జిల్లాలో తిరిగి దొరికిన కలివికోడి అనే అరుదైన పక్షికి కావలసింది కూడా దట్టమైన అడవి కాదు, పొదల మధ్య ఖాళీ నేల ఉన్న చిట్టడవి. దానిని పాడైన అడవిగా లెక్కగట్టే విద్యార్థిని తయారుచేయడం నాకు సమ్మతం కాదు.

సగటు ఉష్ణోగ్రత, వార్షిక వర్షపాతం సమానమైన రెండు చోట్ల వృక్షజాలం ఒకటేనా అన్న పరీక్ష ప్రశ్నకు "కాకపోవచ్చు" అన్న నా జవాబును తప్పుగా లెక్కించారు. కారణాలతో నిర్వాహకులకు రాస్తే, పది రోజుల తర్వాత అదే పటాన్ని మళ్లీ పంపారు. తెలుగు ఉపశీర్షికలు యంత్రానువాదం కావడంతో, జీవి తన ఆవాసంలో పోషించే పాత్రను సూచించే "నిచ్" అన్న మాటకు "సముచితం" అని పడింది.

ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. చేరదలచినవారు నాలుగో వారం పాఠం చూసేటప్పుడు తమ జిల్లా నెలవారీ వర్షపాత పట్టికను పక్కన పెట్టుకోవాలని కోరుతున్నాను.