ఒకే సినిమా: బెంగళూరులో ఆరువేల ఎనిమిది వందలు, కర్నూలులో ఎనిమిది వందలు

'అవెంజర్స్: ఎండ్‌గేమ్' ఎక్కడ చూడాలి, ఏ భాషలో చూడాలి, త్రీడీకి వెళ్ళాలా వద్దా అని సినిమా విడుదలైన రోజుల్లో అనంతపురంలో మిత్రులు ఎదురైన ప్రతిసారీ అడిగేవారు. 2019 ఏప్రిల్ 26న విడుదలైన ఈ సినిమాను నేను మొదట బెంగళూరులో ఐమాక్స్ అనే భారీ తెర మీద ఇంగ్లీషులో, మరుసటి రాత్రి కర్నూలులో ఒక మామూలు హాలులో తెలుగులో చూశాను. రెండు చోట్లా ఎంత ఖర్చయిందో, ఏం దక్కిందో, ఎవరు మమ్మల్ని మోసం చేశారో వివరంగా రాస్తున్నాను. ఒక్కసారే చూసే వీలున్నవాళ్ళు అనంతపురం, కర్నూలు, కడప ఎక్కడ ఉన్నా సొంత ఊరిలోనే, తెలుగులోనే చూడాలని నా గట్టి అభిప్రాయం. ఇంకా చూడనివారు రెండు హాళ్ళ సంగతులూ ఇప్పటికి విడిచిపెట్టి, చివర చూడబోయేవారికి రాసినది చదివి, సినిమా చూసి వచ్చాక మిగతాది చదువుకోవాలి.

బెంగళూరు వెళ్ళాలన్న పట్టుదల నా మిత్రుడిది. 2008లో 'ఐరన్ మ్యాన్'తో మొదలైన ఈ మార్వెల్ వీరుల సినిమాల వరుసలో ఒక్క సినిమా కూడా విడిచిపెట్టని మనిషి కాబట్టి అతని మాటకు విలువ ఉంది. అతని వాదన తప్పు కాదు. 2018లో వచ్చిన 'ఇన్ఫినిటీ వార్'నూ ఈ సినిమానూ మొదటి నుంచి చివరి దాకా ఐమాక్స్ కెమెరాలతోనే తీశారు. మామూలు హాళ్ళలో ఎత్తు కంటే వెడల్పు 2.39 రెట్లు ఉండే బొమ్మ, ఐమాక్స్‌లో 1.90 రెట్లే ఉంటుంది. అంటే పైనా కిందా మనకు హాలులో కనిపించని బొమ్మ దాదాపు 26 శాతం అక్కడ అదనంగా కనిపిస్తుంది. వేసవి సెలవులకు కర్నూలు నుంచి మా ఇంటికి వచ్చిన అక్క కొడుకు మాత్రం, ప్రతినాయకుడు థానోస్‌కు రానా గొంతు ఉంటుంది కాబట్టి తెలుగులోనే చూస్తానని మొండికేశాడు. ఊరికి దిగబెట్టేటప్పుడు అక్కడ తెలుగులో కూడా చూపిస్తానని మాట ఇచ్చి వాడిని బయలుదేరదీశాను.

శుక్రవారం సాయంత్రం అనంతపురంలో బస్సెక్కాము. టికెట్టు మనిషికి ₹262. పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మీదుగా హాయిగా సాగిన ఆ ప్రయాణం గురించి చెప్పుకోవలసింది ఏమీ లేదు.

చెప్పుకోవలసినదంతా బెంగళూరులో మెజెస్టిక్ బస్టాండు దగ్గరి ఆ లాడ్జి గురించే. ముగ్గురికి గది ₹1,099 అని ఫోనులో బుక్ చేసుకుని, ఖాయమైనట్టు సందేశం కూడా వచ్చాకే మేము బయలుదేరాము. రాత్రి పదిన్నరకు వెళ్ళి ఆ సందేశం చూపిస్తే, కౌంటరులో ఉన్నతను తల ఎత్తకుండానే "ఆ బుకింగు మాకు రాలేదు, ఈ రోజు రేటు పద్దెనిమిది వందలు, క్యాష్ మాత్రమే" అన్నాడు. బుకింగు కంపెనీకి ఫోను చేస్తే పాట వినిపించింది గానీ మనిషి పలకలేదు. పక్క లాడ్జీలలో అడిగి వద్దామని మిత్రుడు బయటికి వెళ్ళి, రెండు చోట్ల రెండువేల పైమాట విని తిరిగి వచ్చాడు. నిద్రకు తూలిపోతున్న పిల్లవాడిని పక్కన పెట్టుకుని అంత రాత్రివేళ ఎవరితో పోట్లాడగలం? ₹1,800 కట్టాము. రసీదు అడిగితే పొద్దున ఇస్తామన్నాడు.

గది మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. కిటికీ తీస్తే కింద హోటలు వంటింటి పొగ గొట్టం సూటిగా ముఖానికి ఎదురుగా ఉంది. మూస్తే ఊపిరి ఆడదు. దుప్పటి మడత విప్పగానే ఎవరివో వక్కపొడి పలుకులు రాలాయి. మార్చమని అడిగితే ఇంకొక దుప్పటి తెచ్చి, పాతదాని మీదే పరిచి వెళ్ళిపోయాడు. ఫ్యాను ఒకే వేగంతో తిరుగుతూ, తిరిగినప్పుడల్లా టక్కుమని కొట్టుకునేది. రాత్రి రెండింటి దాకా కింద గిన్నెలు తోముతూనే ఉన్నారు. "మామా, ఈడ నాకు నిద్ర పట్టదు" అని మా మేనల్లుడు లేచి కూర్చున్నాడు. మిత్రుడు గోడవైపు తిరిగి పడుకుని, తెల్లవారేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

తెల్లవారాక రెండో దెబ్బ తగిలింది. కౌంటరు వెనుక గోడ మీద కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ '24 గంటలు' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ లెక్కన మా గది శనివారం రాత్రి పదిన్నర దాకా మాదే. సామాను గదిలోనే పెట్టి సినిమా చూసి వద్దామనుకుంటే, "వారాంతంలో పొద్దున తొమ్మిదికే ఖాళీ చేయాలి, లేదంటే ఇంకో రోజు అద్దె కట్టాలి" అన్నాడు. గోడ మీది బోర్డు చూపిస్తే, అది పాత బోర్డు అన్నాడు. రసీదు చివరిదాకా ఇవ్వలేదు. బెంగళూరులో సినిమా కోసం ఒక రాత్రి ఉండాలనుకునేవాళ్ళు ఫోను బుకింగును నమ్ముకోకండి. ముందు రోజే లాడ్జికి నేరుగా ఫోను చేసి పేరు చెప్పించుకుని, ఖాళీ చేయవలసిన వేళ ఎప్పుడో అడిగి రాసుకోండి. ఇంకా మంచిమాట కావాలంటే, తెల్లవారుజామున బయలుదేరి పగటి ఆట చూసి సాయంత్రానికి అనంతపురం వచ్చేయండి. నాలుగైదు గంటల దారికి రాత్రి గది అవసరమే లేదు.

మూటాముల్లెతో మాల్‌కు చేరేసరికి కారుకు ₹240 అయింది. పెద్ద సంచులు లోపలికి రానివ్వమని కాపలావాళ్ళు ఆపేశారు. అటూ ఇటూ తిరిగి వాటిని దాచుకునేసరికి సినిమా మొదలు కావడానికి అయిదు నిమిషాలు కూడా మిగల్లేదు. టికెట్టు ₹620. బుకింగు రుసుముతో కలిపి ముగ్గురికి ₹1,980. అంత పెట్టినా దొరికినవి ముందు నుంచి మూడో వరుసలో, ఎడమ చివర సీట్లు. అంత పెద్ద తెరకు అంత దగ్గరగా, అంత పక్కగా కూర్చుంటే బొమ్మ మొత్తం ఒక్క చూపులో ఇమడదు; మెడ తిప్పి వెతుక్కోవాలి. అదనపు 26 శాతం ఉందన్న మాట నిజమే, దాన్ని చూడగల సీటు మాత్రం మాకు లేదు. త్రీడీ అద్దాల వల్ల ఇంకొక నష్టం జరిగింది. ఈ సినిమాను త్రీడీ కెమెరాలతో తీయలేదు. మామూలుగా తీసి, తర్వాత కంప్యూటరు మీద త్రీడీగా మార్చారు. అద్దాలు పెట్టుకుంటే వెలుతురు తగ్గిపోతుంది, పైగా ఆఖరి యుద్ధమంతా దుమ్ములో, మసక చీకట్లో జరుగుతుంది. అద్దాలు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూసి ఎంత వెలుతురు పోతోందో నేనే సరిచూసుకున్నాను.

రాత్రి కళ్ళు మూతపడని పిల్లవాడు సినిమాలో మొదటి గంట నిద్రపోయాడు. ఆ గంట నెమ్మదిగా, దుఃఖంగా సాగుతుంది. థానోస్ చేతిలో ఓడిపోయిన వీరులు అయిదేళ్ళ తర్వాత ఎలా బతుకుతున్నారో చూపిస్తారు. వాడు లేచేసరికి యాంట్ మ్యాన్ అనే వీరుడు తెర మీద ఉన్నాడు. అణువు కంటే చిన్నదైన క్వాంటమ్ లోకంలో చిక్కుకుపోయిన అతను ఒక ఎలుక మీట మీద అడుగు వేయడం వల్ల బయటపడిన సంగతి వాడు చూడలేదు గనుక, ఎలా వచ్చాడు, ఎప్పుడు వచ్చాడు అని అడుగుతూనే ఉన్నాడు. వాడికి ఇంగ్లీషు మాటలూ పూర్తిగా అందవు. నేను చెవిలో చెబుతుంటే ముందు వరుసవారు వెనక్కి తిరిగి చూశారు, మిత్రుడు నా మోచేతిని పొడిచాడు. పాప్‌కార్నుకూ నీళ్ళకూ ₹410 అయింది. టిఫిను, భోజనం, రాకపోకల కార్లు, తిరుగు బస్సు అన్నీ కలిపితే ఆ ఒక్క ఆటకు మా ముగ్గురికి ₹6,800 ఖర్చయింది.

ఆదివారం తెల్లవారుజామునే గుత్తి, డోన్ మీదుగా కర్నూలుకు బయలుదేరాము. మాట ఇచ్చాను కనుక నేనూ, పిల్లవాడి మీద ప్రేమతో నా మిత్రుడూ వెళ్ళాము. డబ్బింగు సినిమా చూడనని అతను దారి పొడవునా చెబుతూనే వచ్చాడు. బస్టాండు బయట బండి దగ్గర తిన్న ఉగ్గాని అతని మనసు సగం మార్చింది. బొరుగులను నీళ్ళలో ముంచీ ముంచకముందే తీసి, గుప్పిట పట్టి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేగుతున్న బాణలిలో పోసి, దించే ముందు పప్పులపొడి చల్లి రెండు తిప్పులు తిప్పింది ఆ బండి అమ్మ. బొరుగు మెత్తబడింది గాని ముద్ద కాలేదు. పక్కన నూనెలోంచి అప్పుడే తీసిన మిరపకాయ బజ్జీలు రెండు. ప్లేటు ₹30. లాడ్జిలో రాత్రంతా మాట్లాడని నా మిత్రుడు రెండో ప్లేటు అడిగి, ఆమెతో పప్పులపొడిలో వెల్లుల్లి ఎంత వేస్తారని మాట కలిపాడు. కర్నూలు వెళ్ళి ఇడ్లీ తిని వచ్చేవాళ్ళను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

రాత్రి రెండో ఆటకు అక్క, బావ కూడా వచ్చారు. అయిదుగురికి బాల్కనీ టికెట్లు మనిషికి ₹100 చొప్పున ₹500. 2019లో వంద రూపాయల దాకా ఉన్న టికెట్టు మీద పన్ను 12 శాతం, ఆ పైన అయితే 18 శాతం ఉండేది కాబట్టి ఆ విధంగా కూడా సొంత ఊరి హాలే మేలు అయింది. సీట్లు పాతవి, వెనుక వరుసలో ఒకదానికి చేయి లేదు. కానీ అద్దాలు లేని మామూలు బొమ్మ తేటగా, వెలుతురుగా పడింది. మధ్య సీట్లు దొరకడంతో తెర అంచు నుంచి అంచు దాకా కనిపించింది. మాటలు స్పష్టంగా వినిపించాయి.

బావ ఈ వరుస సినిమాలు ఒక్కటీ చూడలేదు. "వీళ్ళంతా ఒక ఇంటోళ్ళేనా అబ్బీ?" అని కొడుకును అడిగారు. కాదు నాయనా, అందరూ వేరే వేరే చోట్ల నుంచి వచ్చినవాళ్ళు అని చెప్పి, ఒక్కొక్కరు తెర మీదికి వచ్చినప్పుడల్లా ఎవరు ఎవరో వాడు చెబుతూ పోయాడు. ముందు రోజు అర్థం అడిగిన పిల్లవాడే ఈ రోజు ఇంటిల్లిపాదికీ అర్థం చెప్పాడు. ఎలుక వచ్చినప్పుడు నా వైపు తిరిగి, "మామా, ఇదేనా నేను నిద్రపోయింది?" అన్నాడు. రానా గొంతు థానోస్‌కు అతికినట్టు కుదిరింది; గట్టిగా అరవకుండా నింపాదిగా బెదిరించే మనిషికి ఆ బరువైన గొంతే కావాలి. ఐరన్ మ్యాన్ చమత్కారాలు కొన్ని తెలుగులో నీరసించాయి, అది ఒప్పుకోవాలి.

కెప్టెన్ అమెరికా చేతికి, అర్హులు మాత్రమే ఎత్తగల థార్ సుత్తి వచ్చిన క్షణంలో ఆ హాలు చూసి తీరాలి. 2015లో వచ్చిన సినిమాలో విందు జరిగే చోట అతను ఆ సుత్తిని ఎత్తబోతే అది కొంచెం కదిలి ఊరుకుంటుంది. అప్పటి నుంచి ఎదురు చూస్తున్న కుర్రాళ్ళు కింది తరగతిలో సీట్ల మీద లేచి నిలబడ్డారు. చింపిన కాగితాలు ప్రొజెక్టరు వెలుగులో తెర దాకా ఎగిరాయి. తర్వాత వలయాలు తెరుచుకుని, అందరూ పోయారనుకున్న వీరులు ఒక్కొక్కరే తిరిగి వస్తుంటే ప్రతి మనిషికీ ఒక ఈల, ప్రతి పేరుకూ ఒక కేక. బెంగళూరులోనూ చప్పట్లు కొట్టారు గాని, అవి మర్యాదకు కొట్టినట్టు వినిపించాయి. నలుగురు వీరులు కలిసి నిలబడే సినిమాకు నలుగురూ కలిసి అరిచే హాలు కావాలి. ఇది నేను మనస్ఫూర్తిగా అంటున్న మాట. అక్క కళ్ళు తుడుచుకుంది. డబ్బింగు చూడనన్న నా మిత్రుడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. బయటికి వచ్చాక మాత్రం, బొమ్మ విషయంలో బెంగళూరుకు సాటి లేదని, మంచి సీటు దొరికితే ఇంకోసారి ఐమాక్స్‌కు వెళ్తానని అన్నాడు. వెళ్ళమనే నేనూ చెప్పాను. ఆ తెరను న్యాయంగా చూడాలంటే వారం మధ్యలో, వెనుక నుంచి మూడు నాలుగు వరుసలలో నడిమి సీట్లు దొరికినప్పుడే వెళ్ళాలి.

చూడబోయేవారు ఇంట్లో ముందుగా చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఇది ఈ వరుసలో 22వ సినిమా, అన్నీ చూడనక్కరలేదు. 2018 నాటి 'ఇన్ఫినిటీ వార్' తప్పనిసరి. 2012 నాటి మొదటి 'అవెంజర్స్' కూడా చూడాలి, ఎందుకంటే కథ కాలంలో వెనక్కి నడిచి ఆ న్యూయార్క్ యుద్ధంలోకే వెళ్తుంది. 2014లో వచ్చిన 'గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ', 2018లో వచ్చిన 'యాంట్ మ్యాన్ అండ్ ద వాస్ప్' చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. పిల్లలు ఉంటే ఈ నాలుగింటిలో తెలుగులో దొరికినవి తెలుగులోనే చూపించండి.

సినిమా నిడివి 181 నిమిషాలు. మన సినిమాలలోలాగా విరామం కోసం కథను ఒక చోటికి తెచ్చి ఆపరు. కర్నూలులో మాటల మధ్యలో తెంచేశారు. బయటికి వెళ్ళినవాళ్ళు బెల్లు వినగానే లోపలికి రావాలి. ఈ వరుసలో అలవాటైన చివరి కొసరు దృశ్యం ఈసారి లేదు. పేర్లన్నీ పడ్డాక ఇనుము మీద సుత్తితో కొట్టిన చప్పుడు మాత్రం వినిపిస్తుంది. దాని కోసం కూర్చుంటారో లేదో మీ ఇష్టం, మేము కూర్చున్నాము.

రెండో ఆట వదిలేసరికి ఒంటిగంట దాటుతుంది. హాలు గేటు ముందు ఆటోవాళ్ళు ₹200 అడిగారు. రోడ్డు దాటి కూడలి దాకా నడిచి అడిగితే అదే దూరానికి ₹100కి వచ్చారు. వెళ్ళేటప్పుడు ₹60. విరామంలో సోడాలకూ బజ్జీలకూ ₹150. అయిదుగురు మనుషులం మొత్తం ₹810తో సినిమా చూసి ఇల్లు చేరాము. లాడ్జి మీద బుకింగు కంపెనీకి బోర్డు ఫోటోతో సహా ఫిర్యాదు పంపాను. అదనంగా కట్టిన ₹701 తిరిగి వచ్చేదాకా వదిలిపెట్టేది లేదు.