పాలపళ్ళ పందెం: పాపతో ఒంగోలు వైపు రెండు రోజులు

ఎద్దంటే మా పాపకు పుస్తకంలో బొమ్మే. నెల్లూరులో మూడో అంతస్తులో పెరుగుతున్న ఏడేళ్ళ పిల్ల. నన్నేమో ఆ వయసులో మా నాయన భుజాల మీద కూర్చోబెట్టుకుని బండలాగుడు పోటీలకు తిప్పేవాడు. ఈ సంక్రాంతికి ఆ బాకీ తీర్చుకుందామని కనుమ నాటి సాయంత్రం ఇద్దరమే బయల్దేరాం. ఒంగోలులో రెండు రాత్రులున్నాం. నడుమ పగలంతా నాగులుప్పలపాడు వైపు ఒక పల్లెలో పోటీల దగ్గరే గడిచింది. పిల్లల్ని తీసుకెళ్ళాలనుకునే వాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

కారు తీయకుండా పినాకిని ఎక్కాం. మద్రాసులో మధ్యాహ్నం బయల్దేరే ఈ బండి చీకటి పడే వేళకు ఒంగోలులో దింపేస్తుంది. పండగ రోజుల్లో జనరల్ బోగీలో పిల్లతో నిలబడలేం, సీట్లు ముందే చేయించుకోవాలి. తిరుగు ప్రయాణానికి కూడా పొద్దున్నే మద్రాసు వైపు వెళ్ళే పినాకినే సుఖం.

బస చేసే చోటే మొదట దెబ్బతిన్నాను. బస్టాండు దగ్గర లాడ్జి ఒకటి ఫోనులో బుక్ చేశాను. ఫొటోలో ఉన్న గది వేరు, మాకిచ్చిన గది వేరు. దుప్పటి వాసన, రాత్రంతా హారన్లు, వేడినీళ్ళు అడిగితే రేపు చూద్దాం అన్నారు. మర్నాడు కర్నూలు రోడ్డులో ఇంకో హోటలుకు మారాం. నాలుగు వందలు ఎక్కువైంది కానీ గది శుభ్రం, గీజరు పనిచేసింది, పాప తొమ్మిదింటికల్లా నిద్రపోయింది. పిల్లలతో వెళ్ళినప్పుడు నాలుగు వందల దగ్గర వెనకాడొద్దు.

పోటీలు తొమ్మిదింటికన్నారు. మేము ఏడింటికే ఆటోలో వెళ్ళాం. రానూపోనూ తొమ్మిది వందలకు మాట్లాడుకుని, సాయంత్రం నాలుగింటికి రమ్మన్నాం. అంత పొద్దున్నే వెళ్ళడమే మేము చేసిన మంచిపని. ఊరి బయట వేపచెట్ల కింద జతలన్నీ కట్టేసి ఉన్నాయి. పసుపు పూసిన కొమ్ములు, మెడలో పట్టెడలు, తెల్లటి ఒళ్ళు, ఎత్తయిన మూపురం, మోకాళ్ళ దాకా జారిన గంగడోలు. ఒకాయన ఉడికించిన ఉలవలు గంపలో పెడుతుంటే పాప వాసన పట్టేసి, "నాన్నా, ఉలవచారు!" అంది. ఆ ఉడికిన నీళ్ళే చారుకు మొదలని చెబితే నమ్మలేదు.

అక్కడ ఒక పెద్దాయన గిత్త నోరు తెరిచి పళ్ళు చూపించాడు. ఈ పోటీల్లో విభాగాలు పళ్ళను బట్టే ఉంటాయి. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన జూనియర్లు, సీనియర్లు. సుమారు రెండేళ్ళు దాటాక ముందు పాలపళ్ళు రెండు ఊడి పెద్దపళ్ళు వస్తాయి, తర్వాత జత జతగా మారుతూ పోతాయి. పుట్టిన తేదీ కాగితం అక్కర్లేదు, నోరే సాక్ష్యం. మా పాపకు కింద రెండు పళ్ళు వచ్చాయి, పైపన్ను ఒకటి కదులుతోంది.

"అయితే నేను రెండు పళ్ళ విభాగమా తాతా?"

"ఏదీ, చూపీ తల్లీ," అని ఆయన నిజంగానే వంగి చూశాడు. "నిఖార్సయిన రెండు పళ్ళు. పైది ఊడితే మాత్రం ఇక్కడే ఇచ్చిపో, పేడలో పెట్టి ఇంటి మీదికి ఇసిరేస్తా."

నెల్లూరు నుంచి వచ్చామని తెలిశాక ఆయన మొహం ఇంకా విప్పారింది. బ్రెజిల్‌లో ఈ ఒంగోలు జాతిని 'నెలోర్' అంటారని పాపకు చెప్పమన్నాడు. 19వ శతాబ్దంలో ఇక్కడి పశువులు ఓడలెక్కి పోయేనాటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ఆ పేరే అక్కడ నిలిచిపోయింది. ఇవాళ బ్రెజిల్‌లో మాంసానికి పెంచే పశువుల్లో ఎక్కువ భాగం ఈ రక్తమే. మా ఊరి పేరుతో అంత దూరంలో ఎద్దులున్నాయన్న మాట పాప ఆ రోజు కనీసం ఐదుగురికి చెప్పింది.

పందెం తీరు ఇది. గట్టిపరిచిన బాట మీద కాడికి గొలుసుతో బండ కడతారు. బండ బరువు విభాగాన్ని బట్టి మారుతుంది. మేము చూసిన పాలపళ్ళ జతలకు పది నిమిషాలిచ్చారు. ఆ లోపల లాగిన దూరాన్ని అడుగులు, అంగుళాలతో సహా కొలిచి మైకులో చదువుతారు. బాట చివర బండను తిప్పేటప్పుడే ఎక్కువ సమయం పోతుంది, ప్రమాదం కూడా అక్కడే. గిత్తలు బెదిరితే తాడు దాటి జనంలోకి వస్తాయి. పిల్లల్ని ఆ చివర్లలో కూర్చోబెట్టొద్దు, మధ్యలో, కాస్త వెనక్కి ఉండండి.

ఒక విషయం దాచను. ఒక జతను మొదటి నుంచీ చర్నాకోలతో బాదుతూనే ఉన్నారు. మైకులో రెండుసార్లు హెచ్చరించినా ఆగలేదు. పాప నా ఒళ్ళో మొహం దాచుకుంది. లేచి వెళ్ళిపోదామా అనుకున్నాను. ఆ తర్వాత వచ్చిన జత మూడో తిరుగుడుకే ఆగిపోయింది. వాటి యజమాని కుర్రాడు ఒక్క దెబ్బ వేయలేదు, ఇంకా టైముండగానే కాడి విప్పేసి గిత్తల ముట్టె నిమురుతూ తోలుకుపోయాడు. పాప లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. గెలిచిన జతకు కూడా అంత గట్టిగా కొట్టలేదు.

సౌకర్యాల సంగతి. షామియానా వేశారు కానీ పదకొండింటికి నీడంతా ఒక పక్కకే పోయింది. తువ్వాలు, టోపీ తప్పనిసరి. మంచినీళ్ళ డ్రమ్ములు పుష్కలం, మధ్యాహ్నం కమిటీ వాళ్ళు అన్నం, పప్పు, గోంగూర అందరికీ పెట్టారు, డబ్బు అడగలేదు. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి మాత్రం లేదు. ఇది చిన్న లోపం కాదు. ఇన్ని వేల మంది వచ్చే చోట ఆడపిల్లలు ఎక్కడికి పోవాలి? పక్కింటి ఆమె, "రా అమ్మా, మా ఇంట్లోకి రా," అని పాపను తీసుకెళ్ళింది కాబట్టి సరిపోయింది. స్పీకర్ల మోతకు చెవుల్లో దూది పెట్టాల్సి వచ్చింది, అది కూడా తీసుకెళ్ళండి.

సీనియర్ల పోటీ చివరి రోజు. అసలు జనమంతా దానికే వస్తారు. మొదటిసారి వెళ్ళే పిల్లలకు నేనైతే పాలపళ్ళ రోజే చెబుతాను. జనం తక్కువ, గిత్తలు చిన్నవి, దగ్గరికి పోనిస్తారు.

చదలవాడలో ఒంగోలు జాతికి ప్రభుత్వ పశుక్షేత్రం ఉంది, పండగ సెలవులని వెళ్ళలేదు. సాయంత్రం కొత్తపట్నం బీచికి పోయాం, గంటసేపు అలలు చూసి వచ్చాం. ఒంగోలులో అల్లూరయ్య మైసూర్‌పాక్ కొనుక్కున్నాం. మలైకాజా ఊరివాళ్ళం మేము, అయినా ఒప్పుకోవాలి, నోట్లో పెడితే కరిగింది.

పన్ను మాత్రం ఊడలేదు. బయల్దేరే ముందు పాప ఆ పెద్దాయన దగ్గరికి పరిగెత్తి కాగితంలో చిటికెడు ఎండుపేడ చుట్టించుకుంది. అది ఇప్పుడు మా బాల్కనీలో తులసికుండీ పక్కన అగ్గిపెట్టెలో ఉంది. రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి నాలుకతో పన్నును తోసి చూసుకుంటోంది.