ట్యూబా, ట్యూబ్‌లెస్సా?

బైక్‌కి కొత్త టైర్లు వేయించేటప్పుడు ముందు చక్రం చూడాలి. స్పోకులుంటే మామూలుగా ట్యూబ్ టైరే గతి. ట్యూబ్‌లెస్‌కి సరిపడే అల్లాయ్ ఉంటే మాత్రం నా ఓటు దానికే.

ట్యూబ్ టైర్లో మేకు దిగిందా, గాలి టక్కున పోయి బండి ఊగిపోతుంది. ఇక చక్రం విప్పడం, ట్యూబ్ లాగి నీళ్ల తొట్టిలో ముంచడం, బుడగలొచ్చే చోట రుద్ది ప్యాచ్ వేయడం... ఎండలో అరగంట!

ట్యూబ్‌లెస్‌లో దిగిన మేకే చాలాసార్లు బిరడాలా పనిచేస్తుంది. పీకకుండా మెల్లగా షాపుదాకా పోవచ్చు. చక్రం విప్పకుండానే జిగురు తాడు గుచ్చి పంపేస్తారు. కాకపోతే గుంతలో పడి రిమ్ వంగితే అంచునుంచి గాలి కారుతుంది.

ఏది కొన్నా టైరు పక్కనున్న నాలుగంకెలు చదవండి: 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని.