హంటర్ రోడ్డు వరదలో ఆగిన కారు: ఒక సర్వీస్ సెంటర్ పనితనంపై ఏడాది తర్వాతి మాట

2023 జూలై 27 ఉదయం వరంగల్ హంటర్ రోడ్డు మీద నా కారు నీళ్ళలో ఆగిపోయింది. దాన్ని బాగుచేసిన హన్మకొండలోని కంపెనీ సర్వీస్ సెంటర్ గురించి అప్పుడే రాద్దామని కూర్చుని, మళ్ళీ ఆగాను. వరద నీరు తాగిన బండి షెడ్డు నుంచి బయటికి వచ్చిన రోజున ఎంత నున్నగా నడిచినా, ఆ పని మంచిచెడ్డలు తేలడానికి కొన్ని నెలలు పడుతుందని ఒక పాత మెకానిక్ చెప్పాడు. ఆయన మాటే నిజమైంది కనుక, ఏడాది దాటాక ఈ సమీక్ష రాస్తున్నాను.

ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైన రోజు అది. మా నగరంలోనూ చెరువులు మత్తడి దూకాయి, బొందివాగు నాలా పొంగి సంతోషిమాత కాలనీ, ఎన్టీఆర్ నగర్ ఇళ్ళలోకి నీరు చేరింది. రైళ్ళు నడుస్తున్నాయో లేదో కూడా కనుక్కోకుండా మా బావగారిని వరంగల్ స్టేషన్‌లో దింపడానికి బయలుదేరడం పూర్తిగా నా తప్పు. నీరు చక్రాల సగం వరకే ఉందని ధైర్యం చేశాను కానీ, ఎదురుగా వచ్చిన బస్సు తోసిన అల బానెట్ మీదికి ఎక్కిందని, ఇంజిన్‌కు గాలి పీల్చే గొట్టం హెడ్‌లైటు వెనుకే ఉందని నాకు తట్టేలోపే బండి ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

చుట్టూ చేరిన నలుగురూ ఒకటే మాట: "అన్నా, ఒక్కసారి సెల్ఫ్ కొట్టి సూడు." నా చెయ్యి తాళంచెవి మీదే ఉంది. ఎందుకో ముందు సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేశాను. అవతలి అడ్వైజర్ నా పేరైనా అడగకుండా, "సార్, తాళం తిప్పకండి, న్యూట్రల్‌లో పెట్టి తోయించండి, వీలైతే బ్యాటరీ నెగటివ్ తీసేయండి" అన్నాడు. ఈ సెంటర్‌కు నేనిచ్చే మార్కుల్లో పెద్ద వాటా ఆ ఒక్క ఫోన్‌కే పోతుంది. గాలిని నొక్కితే కుదించుకుపోతుంది, నీరు కుదించుకుపోదు. సిలిండర్‌లో నీరుండగా సెల్ఫ్ కొడితే పైకి లేచే పిస్టన్ ఆ నీటిని గుద్దుకొని, దాని కింది కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. పైగా నీటిలో ఆగిన ఇంజిన్‌ను మళ్ళీ తిప్పడం వల్ల జరిగే నష్టాన్ని మామూలు సమగ్ర పాలసీ భరించదు; అది వరద చేసిన నష్టం కాదు, మనం తెచ్చుకున్నది అంటారు. నేను ఆ ఏడాది రెన్యువల్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ (నీరు చేరి ఇంజిన్‌కు జరిగే నష్టానికి అదనపు బీమా) తీసుకొని ఉండడం కేవలం అదృష్టం. ఏజెంటు మొహమాట పెట్టాడని ఒప్పుకున్నదే తప్ప అదేమిటో నాకు అప్పటికి తెలియదు.

ఇంజిన్ పనిని వీళ్ళు నిజంగా శ్రద్ధగా చేశారు. బండిని ఫ్లాట్‌బెడ్ మీద తెప్పించి, స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి, క్రాంకును చేత్తో తిప్పి నీరు బయటికి తీశారు. డిప్‌స్టిక్‌కు అంటిన ఆయిల్ చిక్కటి పాలు పోసిన చాయ్ రంగులో ఉండడం నాకు చూపించారు. ఆటోనగర్‌లో నాకు తెలిసిన మెకానిక్, ప్లగ్గులు ఆరబెట్టి ఆయిల్ మార్చితే చాలని అన్నాడు. ఖర్చు తక్కువ కనుక నేనూ అటే మొగ్గాను. ఇక్కడి ఫోర్‌మన్ మాత్రం ఒప్పుకోక, నాలుగు పిస్టన్లు ఎంత ఎత్తుకు వస్తున్నాయో కొలిపించాడు. మూడో పిస్టన్ మిగతా వాటికంటే దాదాపు రెండు మిల్లీమీటర్లు కిందే ఆగుతోంది. నేను సెల్ఫ్ కొట్టకపోయినా, నడుస్తున్న ఇంజిన్ నీరు మింగిన ఆ క్షణంలోనే రాడ్డు వంగిందన్నమాట. వంగిన రాడ్డుతో బండి కొన్నాళ్ళు నడుస్తుంది కూడా. తర్వాత ఒక రోజు అది విరిగి ఇంజిన్ బ్లాకునే చీల్చుకొని బయటికి వస్తుంది. విప్పిన రాడ్డును కొత్తదాని పక్కన పెట్టి చూపించినప్పుడు, చౌకగా పోదామన్న నా ఆలోచనకు నాకే సిగ్గేసింది.

పన్నులతో కలిపి బిల్లు 90,000 రూపాయలైంది. మూడేళ్ళు దాటి నాలుగేళ్ళు నిండని బండి కనుక 48,000 రూపాయల లోహ భాగాల మీద 25 శాతం తరుగుదల (పాతబడినందుకు బీమా కంపెనీ తగ్గించుకునేది), అంటే 12,000. ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీలకు 14,000 అయితే వాటి మీద సగం, అంటే 7,000. ఆయిళ్ళు, కూలెంట్ వగైరా నా పాలసీలో లేవు కనుక ఆ 6,000 పూర్తిగా నావే. ప్రతి క్లెయిములో బండి యజమానే భరించాల్సిన తప్పనిసరి కోత 1,000. మొత్తం 26,000 నా జేబు నుంచి, మిగిలిన 64,000 బీమా కంపెనీ నుంచి వెళ్ళాయి. తరుగుదల కోయని జీరో డిప్రిసియేషన్ కవర్ ఉంటే ఇందులో పెద్ద భాగం మిగిలేది. ఈ లెక్కను అడ్వైజర్ కాగితం మీద వరుసవారీగా రాసి ఇచ్చాడు. దాచింది ఏమీ లేదు. ఆ వారంలో షెడ్డు నిండా నీట మునిగిన బండ్లే కావడంతో నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయర్ ఐదో రోజుకు వచ్చాడు, బండి ముప్పై నాలుగో రోజుకు చేతికొచ్చింది. దానికి వీళ్ళను తప్పుపట్టను.

తప్పుపట్టేది కార్పెట్ విషయంలో. లోపలికి నీరు సీట్ల అడుగు వరకు వచ్చిందని నేను మొదటి రోజే చెప్పాను, జాబ్ కార్డులో రాయించాను కూడా. డెలివరీ రోజున కార్పెట్ పైన పొడిగా ఉంది, సెంటు వాసన గుప్పుమంది; నేనూ సంతోషపడ్డాను. పది రోజులకు అద్దాలు మూసి ఎండలో నిలిపిన బండి తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన. దసరా దాటాక ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగడం మొదలైంది. డిసెంబరులో ఎడమవైపు అద్దం దిగడం మానేసింది, సెంట్రల్ లాక్ అర్ధరాత్రి తనంత తానే టకటక కొట్టుకునేది. మా వీధి కుక్కలకు తప్ప ఎవరికీ అది నచ్చలేదు.

సెంటర్‌కు రెండుసార్లు తీసుకెళ్ళాను. రెండుసార్లూ కంప్యూటర్ తగిలించి ఎర్రర్ చెరిపి పంపారు; వారం తిరగకుండానే లైటు మళ్ళీ వచ్చింది. చివరికి ఆటోనగర్‌లోని ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ముందు సీట్లు రెండూ విప్పి కార్పెట్ ఎత్తాడు. దాని కింద ఉండే దళసరి స్పాంజిని పిండితే ఆర్నెల్ల కిందటి నీరు ఇంకా కారింది. సీటు కింది వైరింగ్ కప్లర్లలో పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఆయన వాటిని శుభ్రం చేసి, పనికిరాని రెండింటిని మార్చి, స్పాంజిని రెండు రోజులు ఎండబెట్టి, 4,500 రూపాయలు తీసుకున్నాడు. ఆ లైటు మళ్ళీ వెలగలేదు.

ఈ ఫోటోలు తీసుకెళ్ళి చూపిస్తే సర్వీస్ సెంటర్ మేనేజర్, వైరింగ్ పని ఎస్టిమేట్‌లో లేదు కదా అన్నాడు. లేకపోవడమే కదా నా ఫిర్యాదు! నీరు సీట్ల దాకా వచ్చిందని జాబ్ కార్డులో ఉన్నప్పుడు కార్పెట్ ఎత్తించి సర్వేయర్‌కు చూపించి ఉంటే ఆ ఖర్చు కూడా క్లెయిములోనే పోయేది. ఇంజిన్ దగ్గర రెండు మిల్లీమీటర్లు కొలిచిన షెడ్డు, సీటు కింద చెయ్యి పెట్టి చూడలేదు. మర్యాదగా విన్నారు, తర్వాతి సర్వీసు లేబర్‌లో 1,500 తగ్గించారు, అంతకు మించి ఏమీ చేయలేదు.

ఇంజిన్ పనికి ఐదింటిలో నాలుగున్నర, లోపలి పనికి ఒకటిన్నర ఇస్తాను. పేరు రాయకపోవడానికి కారణం, ఇదే కథను వేరే కంపెనీల బండ్లున్న మిత్రులు ఇద్దరు తమ తమ షెడ్ల గురించి కూడా చెప్పడం. మీ బండి ఇలా నీట ఆగి షెడ్డుకు చేరితే, సీట్లు విప్పి కార్పెట్ ఎత్తిన ఫోటోలను సర్వేయర్ వచ్చే లోపే అడగండి. వీల్ బేరింగులు, గేర్ ఆయిల్, డైనమో, సెల్ఫ్ మోటార్ చూశారా అని కాగితం మీద రాయించుకోండి.

పోయిన వారం నుంచి ముందు ఎడమ చక్రం అరవై వేగం దాటితే గుయ్యిమంటోంది. నీరు చొరబడిన బేరింగేనని నా అనుమానం. సోమవారానికి అదే సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, ఆ ఫోర్‌మన్ ఇంకా అక్కడే ఉన్నాడని కనుక్కున్నాకే.