తిరుపతిలో రూటర్ మార్చేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి, పాతది మాత్రం షాపులో ఇచ్చేయకండి

ఇప్పుడే గాంధీ రోడ్డు నుంచి వచ్చా. ఒళ్ళు మండిపోతోంది, తప్పులుంటే సర్దుకోండి. షాపు పేరు రాయను. అక్కడ కంప్యూటర్ సామాన్లు కొన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. ‘సామీ సామీ’ అంటూ కూర్చోబెట్టి టీ తెప్పిస్తాడే, ఆయనే.

మా రూటర్ 2017ది. హాల్లో నెట్ బాగానే వచ్చేది, వెనక గదిలో మావాడి ఆన్‌లైన్ క్లాసు మాత్రం ఆగి ఆగి వచ్చేది. మార్చాలా వద్దా తేలక, అడిగి చూద్దామని దాన్ని పట్టుకుని వెళ్ళా. ‘ఇదెప్పటి సరుకు సామీ! వైఫై 6 పెట్టుకోండి, ఇల్లంతా పరిగెత్తుతుంది’ అన్నాడు. 2,400. పాతది చెత్తలో వేసేదే అయినా నా మొహం చూసి 200 తగ్గిస్తాడట. ఆ దయకు కరిగిపోయి ఇచ్చేశా. బిల్లు బదులు ఎస్టిమేట్ చీటీ రాసిచ్చాడు. జీఎస్టీ మిగులుతుందిలే అని నేనూ నోరు మెదపలేదు. ఎంటెక్ చదివిన మహానుభావుణ్ణి మరి.

మాది 200 ఎంబీపీఎస్ ప్లాన్. పాతదానికి కేబుల్ పెడితే 190 దాకా వచ్చేది, దీనికి 94 దాటదు. కేబుల్ గుచ్చే పోర్టులే 100 ఎంబీపీఎస్‌వి, ఇంకెక్కడి నుంచి వస్తుంది? డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న 1200 అనేది రెండు బ్యాండ్ల (2.4, 5 గిగాహెర్ట్జ్ సిగ్నళ్ళ) వైర్‌లెస్ వేగాలు, 300, 867 కలిపి గుండ్రంగా వేసిన అంకె. వైఫై 6 అయితే ఏఎక్స్ అని ఉండాలి, దీని మీద ఏసీ అని ఉంది. అంటే వైఫై 5, దానికి ముందు తరానిది. నా పాతదీ అదే, పైగా దానికి గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ పోర్టులు. వెనక గది సంగతి సరేసరి, అక్కడేమీ మారలేదు.

వాపసు అడుగుదామని వెళ్ళా. డబ్బులు కట్టింది చూపిద్దామని ఫోను తీస్తే, మా ఇంటి వైఫైకి కనెక్ట్ అయి ఉంది. గాంధీ రోడ్డులో మా ఇంటి వైఫై! తలెత్తి చూస్తే నా పాత రూటరుకు కరెంటు పెట్టి ఇద్దరు యూనివర్సిటీ కుర్రాళ్ళకు చూపిస్తున్నాడు. ‘గిగాబిట్ పోర్టులు తమ్ముడూ, ఈ రేటుకు ఇప్పుడెక్కడా దొరకవు. 1,300 ఇవ్వండి.’ చెత్తలో వేసేది! రీసెట్ కూడా కొట్టలేదు, మా పేరు, మా పాస్‌వర్డ్ అట్లాగే ఉన్నాయి.

అది నాది కదయ్యా అన్నా. ఒక్క క్షణం కూడా తడబడలేదు. ‘ఇచ్చేసినారు కదా, ఇచ్చినాక నాదే.’ మరి వైఫై 6 అన్నావే అంటే, ‘నేనెప్పుడన్నా? డబ్బా మీద ఉండేది చూసుకోవల్ల, చదువుకున్నోళ్ళు కదా మీరు.’ ఆ కుర్రాళ్ళ ముందే అన్నాడు. గోడ మీది బోర్డు వైపు వేలు చూపించాడు, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదట. ‘కొంచెం పక్కకు జరగండి, గిరాకీ ఉంది.’ సామీ ఏమైపోయాడో, కుర్చీ ఏమైపోయిందో. టీ ఊసే లేదు.

వచ్చీ రాగానే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టా. యూపీఐ రికార్డు ఉంది, చీటీ ఉంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపారమని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. ఆ బోర్డుకు మేకు కొట్టినాయనకు ఎవరైనా చదివి వినిపించండి.

ఆ, మార్చాలనుకునేవాళ్ళు ముందు ఉన్నదాన్నే ఇంటి మధ్యకు, కాస్త ఎత్తుకు జరిపి చూడండి. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటి పెద్దగా పోదు. కేబుల్ పెడితే ప్లాన్ వేగం వస్తోందంటే చిక్కు సిగ్నల్ దగ్గరే. కంపెనీ దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసి ఉంటే మాత్రం మార్చుకోండి. ఏఎక్స్, గిగాబిట్ రెండూ డబ్బా మీద మీ కళ్ళతో చూశాకే డబ్బులివ్వండి.

ఆ కుర్రాళ్ళు గానీ ఇది చదువుతుంటే, ఒకవేళ కొనేసి ఉంటే, ముందు రీసెట్ కొట్టండి తమ్ముళ్ళూ. అందులో మా నెట్ కనెక్షన్ యూజర్ ఐడీ కూడా ఉంది.