తిరుపతిలో ఇంటి నెట్ కోసం రెండో రౌటర్ పెట్టిస్తున్నారా? డబ్బులు ఇచ్చే ముందు ఇది చదవండి

మా ఇంట్లో జరిగింది ఇంకొకరి ఇంట్లో జరగకూడదని రాస్తున్నాను. మూడు వారాల టెన్షన్, 7,200 రూపాయల ఖర్చు. షాపు పేరు రాయడం లేదు, కానీ ఇలాంటి పని ఎక్కడైనా జరగొచ్చు.

మాది ఎం.ఆర్.పల్లిలో రెండంతస్తుల ఇల్లు. కింద హాల్లో ఫైబర్ మోడెమ్ ఉంది, 200 ఎంబీపీఎస్ ప్లాన్. నేను పై గదిలో కూర్చుని నాలుగైదు షాపుల అకౌంట్లు చూస్తాను. మధ్యలో స్లాబ్ అడ్డం, పైకి వైఫై సరిగా అందదు. టౌన్లో ఒక కంప్యూటర్ షాపులో అడిగితే "కేబుల్ లాగి పైన ఇంకో రౌటర్ పెట్టేస్తాం అక్కా, రెండు గంటల పని" అన్నారు. రౌటర్ 2,400, 30 మీటర్ల కేబుల్ 900, కూలి 700. ఆ సాయంత్రమే పైన నెట్ వచ్చింది.

మర్నాడు కరెంటు పోయి వచ్చింది. ఇక అక్కణ్ణుంచి మొదలు. వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, నెట్ మాత్రం ఉండదు. ఒకసారి నా కంప్యూటర్‌కు పోతుంది, ఇంకోసారి కింద మావాడి ల్యాప్‌టాప్‌కు. అన్నీ ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఒక గంట బాగుంటుంది. రెండో రౌటర్ రాకముందు కింద ఏనాడూ ఈ ఇబ్బంది లేదు.

నెట్ కంపెనీ మనిషి వచ్చి చూసి "లైన్ బాగుందమ్మా" అని వెళ్లిపోయాడు. షాపువాళ్లేమో "ఈ రౌటర్ లోడ్ తట్టుకోవడం లేదక్కా, డ్యూయల్ బ్యాండ్ (రెండు రకాల వైఫై తరంగాలు ఇచ్చేది) వేసుకోండి" అని ఇంకో 3,200 పెట్టించారు. పాతది వెనక్కి తీసుకోలేదు. రెండు రోజులకే మళ్లీ అదే కథ. 20వ తేదీ, షాపుల జీఎస్టీ 3బీ రిటర్న్‌లు వేయాల్సిన రోజు, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను.

ఆ ఆదివారం మా అక్క కొడుకు రేణిగుంట నుంచి వచ్చాడు. నెట్ పోయిన సమయంలోనే బ్రౌజర్‌లో మా మోడెమ్ అడ్రస్ 192.168.1.1 అని కొట్టాడు. మోడెమ్ సెట్టింగుల పేజీ రావాలి, కొత్త రౌటర్ పేజీ వచ్చింది. "పిన్నీ, రెండింటికీ ఒకటే అడ్రస్ పెట్టి వదిలేశారు" అన్నాడు. ఒకే వీధిలో రెండిళ్లకు ఒకటే డోర్ నంబరు ఉంటే ఉత్తరం ఎటు పోతుందో తెలియదు కదా, అలాగన్నమాట. పైగా ఇంట్లోని కంప్యూటర్లకు అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ పని రెండూ చేస్తున్నాయి. కంప్యూటర్ అడిగిన పలుకు మోడెమ్‌కు చేరితే నెట్ వస్తుంది, రెండో రౌటర్‌కు చేరితే అక్కడే ఆగిపోతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అన్నీ కొత్తగా అడ్రస్ అడుగుతాయి కాబట్టి గొడవ అప్పుడే ఎక్కువ. ఆ రౌటర్‌కు వచ్చే కేబుల్ పీకగానే కింద నెట్ బాగైపోయింది!

వాడు చేసిందల్లా రెండో రౌటర్ అడ్రస్ 192.168.1.2 గా మార్చడం, అందులో డీహెచ్‌సీపీ ఆపేయడం, కేబుల్‌ను ల్యాన్ పోర్టులోనే (ఇంట్లోని కంప్యూటర్లు తగిలించే రంధ్రంలోనే) ఉంచడం. పది నిమిషాలు పట్టింది. మొదట కొన్న 2,400 రౌటర్‌తోనూ ఇది అయ్యేదే. కొన్ని రౌటర్లలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటుంది, అది ఎంచుకుంటే ఈ సెట్టింగులు చాలావరకు అదే చూసుకుంటుంది.

అయినా పైన స్పీడు 94 ఎంబీపీఎస్ దాటలేదు. మోడెమ్‌లోనూ కొత్త రౌటర్‌లోనూ గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులే ఉన్నాయి. అప్పుడు కేబుల్ చివరి జాక్‌ను వెలుతురుకు పెట్టి చూపించాడు. ఎనిమిది తీగలు ఉండాల్సిన చోట నారింజ, ఆకుపచ్చ జతలు నాలుగే ఉన్నాయి. నీలం, గోధుమ రంగు తీగలు జాక్ దగ్గరే కత్తిరించేశారు. నాలుగు తీగలతో 100 ఎంబీపీఎస్ లింకే వస్తుంది, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. ఆ తీగను బ్లేడుతో గీకితే పైన ఎర్రటి పూత, లోపల తెల్లటి అల్యూమినియం. కేబుల్ మీద మాత్రం క్యాట్ 6 (నెట్ కేబుల్‌లో ఒక రకం) అని అచ్చు ఉంది. క్యాట్ 6 అంటే లోపల అంతా రాగే ఉండాలి. అల్యూమినియం తీగ మలుపుల దగ్గర తొందరగా విరుగుతుంది. నాకు అన్నిటికన్నా కోపం వచ్చింది దీనికే, ఎందుకంటే గోడలో పైపు గుండా పోయిన కేబుల్ లోపల ఏముందో ఏ ఇల్లాలు చూస్తుంది?

అందుకే కొనేవాళ్లకు చెబుతున్నాను. ముందు ఒక కంప్యూటర్‌ను చిన్న కేబుల్‌తో నేరుగా మోడెమ్‌కు తగిలించి చూడండి. అక్కడ నెట్ బాగుంటే లైన్, మోడెమ్ బాగున్నట్టే, కొత్తవి కొనకండి. కేబుల్ కోసేటప్పుడు పక్కనే నిలబడి తీగ గీకించుకోండి, జాక్‌లో రంగులు లెక్కపెట్టండి. రౌటర్ పాస్‌వర్డ్ వాళ్లు వెళ్లగానే మార్చండి, మాది అడ్మిన్ అనే వదిలేసి వెళ్లారు. జీఎస్టీ బిల్లు లేకుండా మాత్రం రూపాయి ఇవ్వొద్దు. నాకు ఇచ్చింది తెల్లకాగితం మీద రాసిన ఎస్టిమేటు.

ఆ చీటీ, కేబుల్ ముక్క తీసుకుని షాపుకు వెళ్తే "కేబుల్ మేము తయారు చేయలేదు కదక్కా" అన్నారు. యూపీఐలో పంపిన డబ్బుల వివరాలు ఉన్నాయి కాబట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వాళ్ల నుంచి ఏ జవాబు వచ్చినా ఇక్కడే రాస్తాను.